ఆదివారం చప్పుడు

అన్నగారికి బండిలో చప్పుడు వినిపిస్తుంది. ఆయన గురించి ఏం చెప్పాలన్నా ముందు ఈ ముక్క చెప్పి తీరాలి. లోకంలో ఇంకెవరికీ వినిపించని చప్పుడు, తన పాత డీజిల్ పికప్ బండిలో, ఆ మహానుభావుడికి మాత్రమే వినిపిస్తుంది. వారమంతా బండి లక్షణంగా తిరుగుతుంది. శనివారం సాయంత్రానికి ఆయన నుదుటి మీద గీతలు పడతాయి. నర్సరీ గేటు ముందు బండి ఆపి, ఇంజిన్ ఆపకుండా దిగి, మెడ ఒక పక్కకు వంచి, చూపుడువేలు పైకెత్తి చెల్లెల్ని పిలుస్తాడు.

"ఉష్! విన్నావా?"

"ఏం వినాలి?"

"అదిగో, టిక్కు టిక్కు. మధ్యలో సన్నగా ఒక కిర్రు."

"నాకేం వినపడట్లేదు అన్నయ్యా."

"నీకు వినపడదులే. మొక్కలు తప్ప నీకింకేం పట్టింది? రేపు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే."

బాబాయ్ అంటే వాళ్ల సొంత బాబాయేమీ కాదు. ఆ బండిని వీళ్లకు అమ్మిన పెద్దాయన. కొన్న బండిని ప్రతి ఆదివారం అమ్మినవాడి గుమ్మం ముందుకే తోలుకెళ్లే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు మరి. ఆదివారం పొద్దున బండి వీధి మలుపు తిరగగానే ఎదురింటివాళ్లు "పుట్టింటికి బయల్దేరింది" అని నవ్వుకునేవారు. చెల్లెలికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఆదివారమే నర్సరీకి జనం ఎక్కువ.

అన్నాచెల్లెళ్లు కలిసి నడిపే నర్సరీ అది. మొక్కలు, కొనేవాళ్లు ఆవిడ వంతు. మట్టి, కుండీలు, ఎరువు, బండి ఆయన వంతు. అన్నగారు పెళ్లి జోలికి పోలేదు. చెల్లెలి ఇంటి మీది గదిలోనే ఉంటాడు. మాటలో నెమ్మది అనేది లేదు. "మంచినీళ్లివ్వు" అన్నా పక్కింట్లో గ్లాసులు కదులుతాయి. ఫోను మోగుతుంటే ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటాడు. కుక్కరు ఎన్ని కూతలు కూసినా తల తిప్పడు. ఇంటి పనంటే ఆయనకు లెక్కలేదని చెల్లెలు సణుక్కునేది.

చెల్లెలు అందుకు పూర్తిగా వేరు. మాటంటే మాటే. వాడిపోయే మొక్కను "ఇది మీ ఇంట్లో బతకదండీ" అని మొహం మీదే చెప్పి, కొంటానని వచ్చినవాళ్లను వెనక్కి పంపిన రోజులున్నాయి. అలాంటి మనిషికి వారం వారం ఈ లేని చప్పుడు గోల.

బండి కొన్ననాడు కూడా తతంగమంతా ఆవిడదే. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి చూడాలంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలని ఎవరో చెబితే, తెల్లారేసరికి పెద్దాయన ఇంటికి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. సెల్ఫ్ కొట్టించి పొగ రంగు చూసింది. ఆయిల్ మూత విప్పించి, కింద దూరి, చాసిస్‌కు తుప్పు పట్టిందేమో గోరుతో గీకి చూసింది. అన్నగారు ఏం చూశాడయ్యా అంటే, అరుగు మీద పెద్దాయన పక్కన కూర్చుని టీ తాగాడు. లేచి వచ్చి "తీసుకుందాం" అన్నాడు.

"ఏం చూసి తీసుకుందామంటున్నావు?"

"ఆయన్ని చూసి."

పెద్దాయన ఆ బండి మీద జనాల ఇళ్లు మార్చేవాడు. మంచాలు, బీరువాలు, అద్దాల బల్లలు, ఒక్క గీత పడకుండా చేర్చేవాడని పేరు. చూపు మందగించి, రోడ్డు మీద మనుషులు మసకగా కనపడటం మొదలయ్యాక తనంతట తానే బండి అమ్మకానికి పెట్టాడు. తాళం ఇచ్చేటప్పుడు పెద్దగా ఏం మాట్లాడలేదు. "పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే రేజ్ చెయ్యకు బాబూ, కాస్త వేడెక్కనివ్వు" అన్నాడంతే.

బండి మంచిదే. మొదట్లో ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. ఆ తరవాతే మొదలైంది చప్పుడు.

మొదట కుడి చక్రం దగ్గర అన్నాడు. ఆదివారమంతా బాబాయ్ దగ్గర గడిపి, మోచేతుల దాకా గ్రీజుతో వచ్చి, "చక్రాల మీది కమాన్ కట్టలకి గ్రీజు పట్టించాం. అయినా పోలేదు" అన్నాడు. పై వారం చప్పుడు ఫ్యాన్ బెల్టుకు చేరింది. ఆ పై వారం గేర్‌బాక్స్ అడుగుకు దిగింది. ఒకసారి వెనక సరుకు వేసే డాలాలోకి వెళ్లింది. బండిలో చప్పుడు ఇల్లు మారినన్నిసార్లు ఊళ్లో అద్దెకుండేవాళ్లు కూడా మారి ఉండరు.

"ఇంతకీ ఏంటట అన్నయ్యా అది?"

"దొరకలేదు. వచ్చే ఆదివారం మళ్లీ చూద్దామన్నాడు బాబాయ్."

పోనీ ఇంట్లో అని ఊరుకుంటాడా? మొక్కలు దింపడానికి వెళ్లిన ఇళ్ల వాళ్లను కూడా బండి దగ్గరికి పిలిచి వినమనేవాడు. మర్యాదస్తులు తలూపేవారు. ఒకసారి సిగ్నల్ దగ్గర పక్క బండి డ్రైవర్‌తో "చప్పుడు వినిపిస్తోందా?" అన్నాడు. ఆ అమాయకుడు తన బండి సంగతనుకుని, అక్కడే పక్కకు తీసి బానెట్ ఎత్తుకుని కూర్చున్నాడు. ఇంకోసారి డీజిల్ బంకులో పైపు పట్టుకున్న కుర్రాణ్ణి వినమని నిలబెడితే, వెనక వరసలో ఉన్న బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. చెల్లెలు సిగ్గుతో సీట్లో కిందికి జారింది. అన్నగారు మాత్రం చిరునవ్వుతో, ఆ గోలంతా తనది కానట్టు, వేలు పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఏం మనిషండీ! అంత గుండె నిబ్బరం ఎక్కడా చూడలేదు.

ఇలా నవ్వుతూ తిడుతూ గడిచిపోయేదే గానీ, మధ్యలో పెద్ద ఆర్డరు వచ్చింది. కొత్తగా కట్టిన ఆఫీసు భవనాలవాళ్లకు వానాకాలమంతా మొక్కలు కావాలి. ఎండ ఎక్కకముందే గేటు దగ్గర ఉండాలి. ఒక్కరోజు తప్పినా ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తామని అక్కడి మేనేజరు ముందే చెప్పాడు. నర్సరీ పెట్టిన నాటి నుంచి చెల్లెలు ఎదురుచూసిన అవకాశం అది. సంతకం పెట్టి వచ్చిన రోజు సాయంత్రమే అన్నగారు గేటు ముందు వేలు పైకెత్తాడు.

"ఉష్!"

ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఇన్నాళ్లూ వేళాకోళంగా తీసుకుంది. నిజంగానే లోపల ఏదో ఉండి, తెల్లవారుజామున మొక్కలతో సహా బండి నడిరోడ్డు మీద ఆగిపోతే?

"అన్నయ్యా, ఈ బండి అమ్మేద్దాం. వేరేది తీసుకుందాం."

అన్నగారి మొహం మాడిపోయింది. "అమ్మడమా? బంగారం లాంటి బండి!"

"బంగారమైతే ఈ చప్పుడేంటి?"

"చప్పుడు... చప్పుడుంది. కానీ దానివల్ల నష్టమేం లేదు."

"అది నీకెలా తెలుసు?"

అన్నగారు అరచేత్తో బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అమ్మడానికి మాత్రం ససేమిరా అన్నాడు. చెల్లెలు చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన వినిపించుకోలేదు. చివరికి ఆవిడే కబురు పెడితే గుడ్ల వ్యాపారి ఒకాయన వచ్చాడు. పాత బండ్లు కొనడంలో ఆయన పద్ధతి ఆయనది. జేబులోంచి చేతిరుమాలు తీసి నాలుగు మడతలు వేసి బానెట్ మీద పరిచి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. గుడ్డు కదిలితే కొనడు. ఆ గుడ్డు నిద్రపోతున్నట్టు పడుకుంది.

"బాగుందమ్మా. మాట ఖాయం చేసుకుందాం. ఆదివారం మొదటి ఓనరుని కూడా ఒకసారి కలిసి, తీసుకెళ్లిపోతా."

"ఖాయమేనండీ" అంది చెల్లెలు. ఆవిడ మాటంటే మాటే కదా.

అయినా ఆవిడ మనసు ఊరుకోలేదు. చప్పుడున్న బండిని చప్పుడు లేదని అమ్మడం ఎలా? ఉందని తేలితే ముందే చెప్పి అమ్మాలి. అందుకని అన్నగారికి తెలియకుండా బండిని పెద్ద మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లింది. ఆయన లిఫ్టు మీద ఎక్కించి, అన్ని బోల్టులూ తట్టి, రోడ్డు మీద తిప్పి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఆవిడ వంక అదోలా చూశాడు.

"ఈ బండిని ఎవరు చూస్తారమ్మా?"

"మా అన్నయ్యా, ఇంకో పెద్దాయనా. ఏం, అంత పాడుచేశారా?"

"పాడా? ఇంత శ్రద్ధగా ఉంచిన పాత బండి నేనింతవరకు చూడలేదు. డీజిల్ ఫిల్టర్లో చుక్క నీళ్లు లేవు. ఒక్క నట్టు వదులు లేదు. ఎంత దూరమైనా పంపించండి."

"మరి చప్పుడు?"

"ఏ చప్పుడూ లేదు. మీ అన్నయ్యగారి చెవిలోనే ఏమైనా ఉందేమో చూపించండి. కొందరికి చెవిలో గుయ్యిమంటూ ఉంటుంది."

ఈ మాట ఆవిడకు బాగా నచ్చింది. మర్నాడే అన్నగారిని బతిమాలి, బెదిరించి, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమంది. అన్నగారు బటన్ పట్టుకుని పెళ్లికొడుకులా నవ్వుతూ కూర్చున్నాడు. డాక్టరమ్మ ఇవతల మీటలు తిప్పుతూనే ఉంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరమ్మా?" అన్నాడు చాలాసేపటికి.

డాక్టరమ్మ చెల్లెల్ని పక్కకు పిలిచింది. "చెవిలో గుయ్యిమనడం లాంటిదేమీ లేదండీ. అసలు ఆయనకు వినపడేదే చాలా తక్కువ. మొహం చూస్తూ మాట్లాడితే, పెదాలు చూసి నెట్టుకొస్తున్నట్టున్నారు. సన్నటి చప్పుళ్లైతే పోయి ఏళ్లు అయి ఉంటుంది."

"సన్నటివంటే? టిక్కు టిక్కు, కిర్రు... అలాంటివి?"

"అవైతే అసలే వినపడవు."

చెల్లెలు నోరు వెళ్లబెట్టింది. కుక్కరు, ఫోను, బంకులో హారన్లు అన్నీ ఒక్కసారి బోధపడ్డాయి. అన్నయ్య చెవులు ఇలా అయిపోతుంటే ఒకే ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయానే అని తనను తాను తిట్టుకుంది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. ఏమీ వినపడని మనిషి తనను ఇన్నాళ్లూ చప్పుడుతో వేపుకు తిన్నాడు!

ఆస్పత్రి ముందు బండి ఎక్కగానే తలుపు వేసి, ఆయన మొహం తనవైపు తిప్పుకుని అడిగింది. మామూలుగా అడిగితే లాభం లేదని తెలిసిపోయింది కాబట్టి గొంతెత్తి అడిగింది. "నిజం చెప్పు! ఏంటి ఈ చప్పుడు నాటకం?"

"మెల్లిగా, మెల్లిగా. ఎవరైనా వింటారు" అన్నాడు అన్నగారు, ఆస్పత్రి మొత్తం వినేలా.

ఇక దాచి లాభం లేదని చెప్పేశాడు. బండి కొన్న కొత్తలో ఒకసారి నిజంగానే మడ్‌గార్డు బోల్టు వదులైంది. చెవికి కాదు, కంటికి కనపడింది, ఊగుతోందని. ఎలా బిగించాలో అడుగుదామని పెద్దాయన ఇంటికి వెళ్తే ఆయన భార్య, పిన్నిగారు, కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. బండి వెళ్లిపోయిన దగ్గర్నుంచి పెద్దాయన గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడట. పిలిస్తే పలకడు, అన్నానికి లేవడు.

"అలాంటి మనిషి, నేను ఇంకా మలుపు తిరక్కముందే ఇంజిన్ గొంతు గుర్తుపట్టి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వచ్చేశాడు చెల్లీ. తడిమి తడిమి బోల్టు పట్టుకున్నాడు. బిగించాడు. ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడని పిన్ని చెప్పింది. మరి వచ్చే వారం ఏం పేరు చెప్పి వెళ్లను? బోల్టులన్నీ బిగిసే ఉన్నాయి. అందుకని చప్పుడొకటి పుట్టించాను."

"ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పొచ్చుగా!"

"జాలిపడి వచ్చానని కనిపెట్టేస్తాడు. ఆయన పని చేసి బతికినవాడు. పని ఉండి వచ్చానంటేనే ఆయనకి గౌరవం."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"నీకు అబద్ధం చెప్పడం రాదు. ఆయన ఎదురుపడితే దొరికిపోతావు."

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిచ్చి అన్నయ్య, బంగారు అన్నయ్య. కిటికీ పక్కన ఎవరో దగ్గితే తిరిగి చూసింది. ఈ కేకలకు దగ్గరికి వచ్చిన పార్కింగ్ వాచ్‌మన్, టికెట్ల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మకండమ్మా, పాపం" అన్నాడు.

అమ్మకూడదనే ఆవిడకూ ఉంది. ఆర్డరు భయం కూడా లేదు, మెకానిక్ భరోసా ఇచ్చాడు. కానీ మాట ఇచ్చేసింది. గుడ్ల వ్యాపారి తనంతట తాను వద్దంటే తప్ప వెనక్కి తీసుకునే దారి లేదు. ఆయనా, వద్దనే మనిషిలా లేడు. రోజుకోసారి ఫోను చేసి బండి క్షేమసమాచారాలు కనుక్కుంటున్నాడు.

ఆదివారం ముగ్గురూ పెద్దాయన ఇంటికి వెళ్లారు. వ్యాపారి రుమాలు పరిచి, గుడ్డు పెట్టి, అన్నగారిని వెంటబెట్టుకుని బండి చుట్టూ టైర్లు తన్ని చూస్తున్నాడు. చెల్లెలు అరుగు మీద పెద్దాయన పక్కన కూర్చుంది. సంగతి ఎలా చెప్పాలో తెలియక చెప్పేసింది. "బాబాయ్ గారూ, బండి ఆయనకి ఇచ్చేస్తున్నాం."

పెద్దాయన బండి వైపు ఓసారి చెవి ఒగ్గాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"నువ్వు ఏమీ అనుకోనంటే ఒక మాటమ్మా. బండిలో ఏ చప్పుడూ లేదు. నా కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. మొదటి నుంచీ నాకు తెలుసు."

"తెలిసి మరి ప్రతి వారం...?"

"ఏం చెయ్యను? పాపం మీ అన్నయ్యకి ఇల్లు పట్టడం లేదని అర్థమైంది. పెళ్లీ పెటాకులూ లేవు. ఇంట్లో నువ్వు కాస్త... అంటే, గట్టి మనిషివి. వారానికో రోజు ఎక్కడికైనా వచ్చి కూర్చోవాలని చప్పుడు వంక పెట్టుకుని వస్తున్నాడు. కాదనలేక నేనూ వెతుకుతున్నట్టు నటిస్తున్నా. పిల్లాడి ముచ్చట, పోనీలే అని." బండి ఉన్న వైపు తల తిప్పి అన్నాడు, "నా సంగతి వదిలెయ్. బండి పోతే అతను ఆదివారాలు ఎక్కడికి వెళ్తాడమ్మా?"

నేనా గట్టి మనిషిని అని చెల్లెలు పోట్లాడదామనుకుంది గానీ, పెద్దాయన మసక కళ్లలో అన్నయ్య మీద ఉన్న దిగులు చూసి ఆ పోట్లాట మానుకుంది. ఇంతలో వ్యాపారి వచ్చాడు.

"గుడ్డు కదల్లేదు బాబాయ్! ఇక ఒక్కటే ప్రశ్న. మీరు మొదటి ఓనరు, దాచకుండా చెప్పాలి. బండిలో చప్పుడేమైనా ఉందా?"

పెద్దాయన నోరు తెరిచేలోపు చెల్లెలు లేచి నిలబడింది.

"ఉందండీ."

వ్యాపారి ఉలిక్కిపడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. చెవులు ఎర్రబడ్డాయి. "వెనక డాలా కింద. టకటకమని" అంది.

చెల్లెలు ఏమన్నదో అన్నగారికి వినపడలేదు. కానీ అందరూ తన వంక చూస్తున్నారు. బండి గురించే అయి ఉంటుందని వేలు పైకెత్తాడు. "ముందు ఎడమ చక్రం దగ్గర. టిక్కు టిక్కు!"

పెద్దాయన ఇద్దరి గొంతులూ విన్నాడు. మీసం కింద నవ్వు కదిలింది. "వాళ్లకి తెలీదు బాబూ. అసలు చప్పుడు ఇంజిన్ అడుగున ఉంది. నేను అమ్మిందే అందుకు."

వ్యాపారి ముగ్గురి మొహాలూ చూశాడు. బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. గుడ్డు కిమ్మనలేదు.

"నాకేం వినపడటం లేదే!"

"మాకూ మొదట్లో వినపడలేదండీ" అంది చెల్లెలు.

ఆ మాటతో ఆయన రంగు మారింది. గుడ్డు జేబులో వేసుకుని, రుమాలు దులుపుకుని, "ఈ బేరం నావల్ల కాదమ్మా, నన్ను వదిలెయ్యండి" అని దండం పెట్టి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయాడు. వీధి చివర ఆగిన ఆటో దగ్గర వంగి, ముందు దాని ఇంజిన్ విన్నాకే ఎక్కాడు.

"ఏమన్నాడు? ఏమన్నాడు?" అన్నాడు అన్నగారు.

"వద్దన్నాడు!" అని చెల్లెలు ఆయన చెవిలో అరిచింది. లోపల్నుంచి పిన్నిగారు నవ్వడం వినపడింది. రేపటి మొక్కలు ఈ బండి మీదే వెళ్తాయి. ఆవిడకు చాలారోజుల తరవాత గుండె తేలికైంది.

పెద్దాయన గోడ పట్టుకుని మెట్లు దిగి, తడుముకుంటూ వచ్చి బానెట్ ఎత్తాడు. "ఎటూ వచ్చారు కదా, చూసేద్దాం. నువ్వేదో అన్నావు గదమ్మా, ఎక్కడన్నావు చప్పుడు?"

"ఇక్కడ" అని ఆవిడ చేతికి అందిన చోట చెయ్యి పెట్టింది. అది బ్యాటరీ. బ్యాటరీ చప్పుడు చెయ్యదన్న సంగతి ఆవిడకు తెలియదు.

పెద్దాయనకు తెలుసు. అయినా వంగి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. అన్నగారు కూడా పక్కన చేరి, ఊపిరి బిగబట్టి, చక్కగా తల ఆడించాడు.

"ఉందమ్మా. సన్నగా ఉంది" అన్నాడు పెద్దాయన గంభీరంగా. "ఇది ఒక్క ఆదివారంలో తేలేది కాదు. నువ్వు కూడా వస్తుండాలి."

చెల్లెలు కుర్తా చేతులు పైకి మడుచుకుని, ఆయన అందించిన స్పానర్ పుచ్చుకుంది.